ఆంగ్లవాక్యమున కర్తయు క్రియయు

ఆంగ్లవ్యాసములను దిద్దునపుడు మాకు తఱచుగా కనబడు తప్పులలో పెక్కు, అజాగ్రత్తవలన పుట్టినవి కావు. మాతృభాషయందలి నియమమును ఆంగ్లమునకు అంటగట్టుటచే అవి కలుగుచున్నవి. రెండు భాషల స్వభావమును పక్కపక్కన నుంచి చూచినయెడల, ఏ రూపము సరియైనదో విద్యార్థి తానే తెలిసికొనగలడు.

తెలుగున క్రియయే కర్తను తెలుపును. 'వచ్చితిని' అన్నంతనే నేననియు, 'వచ్చితివి' అన్నంతనే నీవనియు తెలియుచున్నది. అందుచే సర్వనామమును విడిచినను వాక్యము చెడదు. ఆంగ్లమున 'కేమ్' అను క్రియ అందఱికిని ఒక్కటే. 'ఐ', 'యూ', 'దే' అను మాటలలో నొకటి ముందు లేనిచో వచ్చినది ఎవరో తెలియదు. కావున అక్కడ సర్వనామమును విడువరాదు.

వర్తమానకాలమున మాత్రము, ప్రథమపురుష ఏకవచనమునకు, అనగా 'హీ', 'షీ', 'ఇట్' అను వానికి, క్రియ చివర 'ఎస్' చేరును. 'దే రీడ్', కాని 'షీ రీడ్స్'. 'కాదు' అని చెప్పునపుడు ఆ గుర్తు 'డజ్' అను మాటలోనికి పోవును గాన, 'షీ డజ్ నాట్ రీడ్' అనవలెను; రెండుచోట్ల నుంచరాదు.

మఱియొక చిక్కు మర్యాదవలన కలుగుచున్నది. తండ్రి యొక్కడే యైనను 'నాయనగారు వచ్చుచున్నారు' అనుట మన సంప్రదాయము. దానిని బట్టి కొందఱు 'మై ఫాదర్ ఆర్ కమింగ్' అని వ్రాయుదురు. 'ఈజ్' అనిన తండ్రిని తక్కువ చేసినట్లగునని వారి జంకు. ఇది మంచి పెంపకమునకు గుర్తు. మేము దానిని ఎగతాళి చేయము. కాని ఆంగ్లక్రియ లెక్కను చూచునే గాని గౌరవమును చూడదు. తండ్రి జబ్బును గూర్చి సెలవుచీటిలో 'దే ఆర్ ఇల్' అని వ్రాసినచో, చదువువారు ఇంటిల్లిపాదియు మంచము పట్టిరని తలంతురు. 'మై ఫాదర్ ఈజ్ ఇల్. హీ నీడ్స్ మీ ఎట్ హోమ్' అని వ్రాయుటలో అగౌరవ మేమియు లేదు.

ఇట్టి మర్యాద ఆంగ్లమునను ఒకప్పుడు కలిగెను. పూర్వము ఒక్కని 'దౌ' అనియు, పెక్కుమందిని 'యీ' అనియు పిలిచెడివారు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలున ఈ భేదము కాననగును. 'యీ' అనుదానికి కర్మరూపమైన 'యూ' క్రమముగా కర్తస్థానమునకు వచ్చెను. మర్యాదకై ఒక్కని గూడ అట్లే పిలుచుట అలవాటయ్యెను. అందుచేతనే ఎదుట నున్నది ఒక్కరైనను 'యూ ఆర్' అందురు.

ఇక 'ఐ', 'మీ' అనువానిలో ఏది వ్రాయవలెనను సందేహము. తోడి పేరును తీసివేసి చదువుడు. 'ది టీచర్ కాల్డ్ రవి అండ్ మీ' అనుదానిలో రవిని తీసిన 'కాల్డ్ మీ' మిగులును. 'కాల్డ్ ఐ' అని ఎవరును అనరు. మన 'నాకు' అను మాటను చూచియు మోసపోరాదు. 'నాకు ఇద్దఱు తమ్ములు కలరు' అనుటకు 'ఐ హావ్ టూ బ్రదర్స్' అనియే చెప్పవలెను.

'వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్ ఆబ్సెంట్' అను వాక్యమున 'బాయ్స్' క్రియకు దగ్గఱగా నున్నను, రానివాడు ఒక్కడే. కావున 'ఈజ్' సరియైనది.

విద్యార్థులారా, వ్రాసిన ప్రతి వాక్యమును 'ఎవరు? ఎందఱు? ఎప్పుడు?' అని ప్రశ్నింపుడు. తలిదండ్రులకు ఒక మనవి. మీకు ఆంగ్లము రాకున్నను చింతలేదు. బిడ్డ చదివిన వాక్యమునకు తెలుగున అర్థము చెప్పించి, ఈ మూడు ప్రశ్నలే అడుగుడు. జవాబు చెప్పుటకు తడబడినచోటనే బిడ్డ తన తప్పును తాను కనుగొనును.