స్థూలకాయులలో విశ్రాంతి నాడి వేగం - గుండె భారానికి ముందస్తు సూచిక

స్థూలకాయం గలవారికి ఆరోగ్య పరీక్ష జరిపినప్పుడు బరువు, రక్తపోటు, రక్తంలో చక్కెర శాతం నమోదు చేయడం ఆనవాయితీ. వీటితో పాటు ఏ ఖర్చూ లేకుండా తెలుసుకోగల మరో ముఖ్యమైన కొలత విశ్రాంతి నాడి వేగం. ఎటువంటి శ్రమ లేకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలిపే ఈ సంఖ్య, అధిక బరువు వలన గుండెపై పడుతున్న భారాన్ని వ్యాధి లక్షణాలు బయటపడక ముందే సూచించగలదు.

తెలుగు రాష్ట్రాలలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం శరీర ద్రవ్యరాశి సూచిక 25 లేక అంతకు మించి ఉన్న మహిళలు దేశంలో 24 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. పురుషులలో జాతీయ స్థాయిలో 22.9 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 31.1 శాతం, తెలంగాణలో 32.3 శాతం.

వేగం పెరగడానికి కారణాలు

శరీరం బరువెక్కిన కొద్దీ ప్రసరించవలసిన రక్తం పరిమాణం పెరిగి, గుండె పని అధికమవుతుంది. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు ప్రభావంతో గుండెను వేగపరిచే నాడులు చురుకై, నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు సడలుతుంది. నిద్రలో శ్వాసకు ఆటంకం, వ్యాయామ లోపం ఇందుకు తోడవుతాయి.

నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండె రోజుకు 1,00,800 సార్లు స్పందిస్తుంది. అదే 85 అయితే 21,600 స్పందనలు అదనం. గుండె కండరానికి రక్తం ప్రధానంగా రెండు స్పందనల నడుమ విరామంలోనే అందుతుంది. వేగం పెరిగితే ఆ విరామం తగ్గుతుంది.

అధ్యయనాలు తెలిపేది

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో ప్రారంభమైన అధ్యయనం ఈ విషయమై విలువైన సమాచారం అందించింది. స్థూలకాయం స్వతంత్రంగానే గుండె జబ్బులకు కారణం కాగలదని 1983లోను, విశ్రాంతి నాడి వేగం పెరిగిన కొద్దీ గుండె సంబంధ మరణాలు పెరుగుతున్నాయని 1987లోను వెల్లడైంది.

అయితే నాడి వేగం సూచిక మాత్రమే గాని మూలవ్యాధి కాదు. గుండె వైఫల్యం లేని హృద్రోగులలో మందుతో నాడి వేగాన్ని తగ్గించినంత మాత్రాన మరణాలు గాని గుండెపోట్లు గాని తగ్గలేదని 2014లో వెలువడిన సిగ్నిఫై పరిశోధన తేల్చింది. కనుక సరిదిద్దవలసినది సంఖ్యను కాదు, దాని వెనుక గల కారణాలను.

పరిశీలించు విధానం

కాఫీ, టీ, పొగాకు సేవించిన అరగంట వరకు నాడి చూడరాదు. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న పిమ్మట మణికట్టు వద్ద బొటనవేలి వైపున రెండు వేళ్లు ఆనించి పూర్తి నిమిషం లెక్కించాలి. పెద్దలలో 60 నుండి 100 వరకు సాధారణ పరిమితి. వేర్వేరు రోజులలో చూసినా 100కు మించి ఉన్నా, గతం కంటే క్రమంగా పెరుగుతూ వచ్చినా వైద్యుని సంప్రదించాలి. జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ లోపాలు, కొన్ని మందులు కూడా నాడి వేగాన్ని మార్చగలవు. నాడి సాధారణంగా ఉన్నంత మాత్రాన గుండె క్షేమమని భావించరాదు. ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి.

నివారణ

బరువులో 5 నుండి 10 శాతం తగ్గినా రక్తపోటు, చక్కెర మెరుగుపడతాయి. వారానికి కనీసం 150 నిమిషాల వేగవంతమైన నడక, పొగాకు విసర్జన, తగినంత నిద్ర గుండె భారాన్ని తగ్గిస్తాయి.

గ్రామ స్థాయి వరకు 30 ఏళ్లు పైబడిన వారికి అసాంక్రామిక వ్యాధుల పరీక్షలు జరుగుతున్నాయి. డిజిటల్ రక్తపోటు పరికరం రెండు పీడన సంఖ్యలతో పాటు నాడి సంఖ్యను కూడా చూపుతుంది. ఆ మూడవ సంఖ్యను కూడా రోగి చీటీలో నమోదు చేసి, తదుపరి పరీక్షలో సరిపోల్చినట్లయితే, ప్రమాదం ముంచుకు రాకముందే అనేకులను వైద్యుని వద్దకు చేర్చే అవకాశం కలుగుతుంది.