‘అన్‌ఫిట్’ అనే మాటకు మిగతా సగం

గోదావరిఖని, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్. బొగ్గు బెల్టులో ఏ ఊరికి వెళ్లినా ‘అన్‌ఫిట్’ అనే ఇంగ్లిష్ మాట వినిపిస్తుంది. బడి మెట్లు ఎక్కని ముసలమ్మ కూడా దాన్ని ఇంటి మాటలాగే వాడుతుంది. ‘మా ఆయన అన్‌ఫిట్ అయిండు’ అంటారు. ‘అన్‌ఫిట్ కోసం కొత్తగూడెం పోయిండు’ అంటారు. ‘నాయన అన్‌ఫిట్ మీద కొడుక్కు నౌకరి వచ్చింది’ అని కూడా అంటారు. మొదటి వాక్యంలో అది మనిషి స్థితిని చెబుతోంది. రెండో వాక్యంలో ఒక ధ్రువపత్రానికి పేరైంది. మూడో దాంట్లో ఏకంగా ఒక హక్కుగా మారింది.

ఈ మాటను నిదానంగా విప్పి చూడటం అవసరం. ఎందుకంటే సింగరేణి బొగ్గు గనుల కార్మికుడి జీతం, ఆయన చేయబోయే పని, ఆయన పిల్లల ఉద్యోగం దీనితో ముడిపడి ఉన్నాయి. విప్పి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ‘అన్‌ఫిట్’ అన్నది సగం మాటే. ‘దేనికి?’ అన్న ప్రశ్నకు జవాబు చేరితేనే అది పూర్తవుతుంది.

మాట ఎక్కడిది?

‘ఫిట్’ అనే విశేషణం (గుణాన్ని తెలిపే మాట) ఇంగ్లిష్‌లో 15వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. దాని పుట్టుక గురించి నిఘంటుకారులు గట్టిగా ఏమీ తేల్చలేదు. అంతకుముందే 13వ శతాబ్దంలో ‘సమ ఉజ్జీ’, అంటే బలంలో సరితూగే ప్రత్యర్థి అనే అర్థంలో ఒక ‘ఫిట్’ ఉండేది. బహుశా దాని నుంచే ఇది వచ్చిందని ఒక ఊహ. ఆ ఊహ నిజమైనా కాకపోయినా, విశేషణంగా దాని తొలి అర్థం మాత్రం స్పష్టం: సందర్భానికి తగినది. దానికి ముందు ‘కాదు’ అని చెప్పే ‘అన్’ చేరి, 16వ శతాబ్దం నడుమ ‘అన్‌ఫిట్’ వాడుకలోకి వచ్చింది.

అప్పటికి ఈ మాటకు ఒంటి బలంతో పని లేదు. ‘ఫిట్’ అంటే ఒంట్లో సత్తువ ఉన్నవాడనే అర్థం క్రీడల నుంచి 19వ శతాబ్దంలో స్థిరపడింది. పోటీకి తగినట్టు తయారైన శరీరాన్ని ‘ఫిట్’ అన్నారు. నాలుక మీద నానేకొద్దీ ‘పోటీకి’ అన్నది రాలిపోయి, ‘ఫిట్’ మాత్రమే మిగిలింది.

ఇలా సగం రాలిపోవడం వల్ల ఎంత అపార్థం వస్తుందో చెప్పడానికి పేరుపొందిన ఉదాహరణ ఉంది. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’ అనే పదబంధాన్ని వాడాడు. డార్విన్ జాతుల పుట్టుక గురించిన తన గ్రంథం అయిదో ముద్రణలో, 1869లో, దాన్ని స్వీకరించాడు. జీవశాస్త్రంలో దాని అర్థం, ఉన్న పరిసరాలకు బాగా ఇమిడిన జీవులు ఎక్కువగా నిలుస్తాయని. జనం మాత్రం ‘బలవంతుడిదే రాజ్యం’ అని అర్థం చేసుకున్నారు. ఎడారిలో ఇమిడిన జీవి చిత్తడి నేలలో ఇమడకపోవచ్చు. అందులో ఆ జీవి లోపం ఏమీ లేదు.

కాగితం మీద ఇంకో మాట

సింగరేణి కాగితాల మీద ‘మెడికల్ ఇన్‌వాలిడేషన్’ అనే పదం కనిపిస్తుంది. జనం అనే ‘అన్‌ఫిట్’, కాగితం మీది ‘ఇన్‌వాలిడ్’ పర్యాయపదాల్లా అనిపిస్తాయి. పుట్టుకలో మాత్రం రెండూ వేరు. ‘ఇన్‌వాలిడ్’ లాటిన్ మాట. ‘వాలిడస్’ అంటే బలమైనది. ‘ఇన్‌వాలిడస్’ అంటే బలం లేనిది. విలువను చెప్పే ‘వాల్యూ’ కూడా ఆ కుదురుకు చెందినదే. ఫ్రెంచి వాళ్లు యుద్ధంలో అంగవైకల్యం పొందిన సైనికుడిని ‘ఇన్‌వాలీద్’ అన్నారు. అలాంటి సైనికుల కోసమే 1670లో పద్నాలుగో లూయీ పారిస్‌లో పెద్ద భవన సముదాయం కట్టించమని ఆదేశించాడు. ఇంగ్లిష్‌లో ఇదే మాట చట్టంలోకీ వెళ్లింది. చెల్లని దస్తావేజు కూడా ‘ఇన్‌వాలిడ్’ అయింది.

రెండింటికీ తేడా ఇక్కడే. ‘ఇన్‌వాలిడ్’ మనిషిలో బలం లేదంటుంది. ‘అన్‌ఫిట్’ మనిషికీ పనికీ పొంతన కుదరలేదంటుంది. చెప్పు కాలికి పట్టకపోతే తప్పు చెప్పుది కావచ్చు, కొలతది కావచ్చు, కాలిది మాత్రం కాదు.

గని ఏం కోరుతుంది?

భూగర్భ గనిలో పని అంటే ముందు పని దగ్గరికి చేరుకోవాలి. ఏటవాలు దారిలో దిగాలి, షిఫ్ట్ అయ్యాక మళ్లీ ఎక్కాలి. గాలిలో ఉక్కపోత, నెత్తి మీద క్యాప్ ల్యాంపు, నడుముకు దాని బ్యాటరీ, వెంట సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు కమ్మినప్పుడు ప్రాణం కాపాడే శ్వాస పరికరం) ఉంటాయి. మోకాళ్లు, గుండె, ఊపిరితిత్తులు ఈ భారాన్ని ఓర్చాలి.

చెవి సంగతి బయటివాళ్లకు అంతగా తట్టదు. గనిలో పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి చూస్తారు. గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది. పొర విడిపోయిన రాయి బోలుగా మోగుతుంది. ఆ తేడా వినలేని మనిషికి ప్రమాదం ముందుగా తెలియదు. అదే మనిషి పైన స్టోర్‌లోనో ఆఫీసులోనో హాయిగా పని చేయగలడు. ఒకే చెవి గని లోపల అన్‌ఫిట్, గని పైన ఫిట్.

పని మారితే కొలతా మారుతుంది. ఒకప్పుడు ఫిల్లర్ తట్టా చెమ్మస్‌తో (గంప, పారతో) బొగ్గు ఎత్తి టబ్బులు నింపేవాడు. ఆ పని భుజబలాన్ని కోరింది. తర్వాత సైడ్ డిశ్చార్జ్ లోడర్ (బొగ్గును ఎత్తి పక్కకు కుమ్మరించే యంత్రం) వచ్చింది. దాన్ని నడపడానికి చూపు, చేతి నేర్పు ఎక్కువ కావాలి. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపేవాడికి దూరపు చూపు, రంగుల గుర్తింపు ముఖ్యం. మూడు తరాలు మూడు పనులు చేశాయి. ‘ఫిట్’ అనే మాట ఒకటే, కొలతలు మూడు.

మాట ఎలా తీర్పవుతుంది?

గనుల నియమాల ప్రకారం ఉద్యోగంలో చేరేముందు వైద్య పరీక్ష తప్పనిసరి. ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారి పరీక్షలు జరుగుతాయి. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్యం, వినికిడి, చూపు చూస్తారు. బొగ్గు దుమ్ము ఏళ్ల తరబడి పేరుకుని వచ్చే న్యుమోకోనియోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి) చట్టప్రకారం నోటిఫై అయిన జబ్బు. అంటే దాన్ని గుర్తిస్తే అధికారులకు తెలియజేయాల్సిందే.

జబ్బుతో పని సాగని కార్మికుడు మెడికల్ బోర్డు ముందుకు వెళతాడు. స్థూలంగా మూడు ఫలితాలు ఉంటాయి. ఒకటి, ఇప్పటి పనికి ఫిట్. రెండు, భూగర్భ పనికి అన్‌ఫిట్, సర్ఫేస్ పనికి ఫిట్. మూడు, ఏ పనికీ అన్‌ఫిట్. వాడుకలో చివరి రెండింటినీ ‘అన్‌ఫిట్’ అనే అంటారు. ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు. రెండోదాంట్లో ఉద్యోగం ఉంటుంది, పని మారుతుంది. మూడోదాంట్లో ఉద్యోగం పోతుంది.

ఆ మూడో ఫలితానికే వారసుల ఉద్యోగం ముడిపడి ఉంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో 9.4.0 అనే నిబంధన ఉంది. గాయం వల్లనో జబ్బు వల్లనో శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చి ఉద్యోగం కోల్పోతే, కుటుంబంలో ఆధారపడిన ఒకరికి ఉద్యోగం ఇవ్వాలన్నది దాని సారం.

2016లో సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకం ప్రకటించారు. నిర్ణీత వయసులో ఉన్న కార్మికుడు స్వచ్ఛందంగా తప్పుకొని, వారసుడికి ఉద్యోగం ఇప్పించుకునే ఏర్పాటు అది. ప్రభుత్వ ఉద్యోగంలో అందరికీ సమాన అవకాశం ఉండాలన్న రాజ్యాంగ సూత్రానికి ఇది విరుద్ధమని 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. తర్వాత సుప్రీంకోర్టులోనూ ఊరట దక్కలేదు. నిజమైన అనారోగ్యం మీద ఇచ్చే కారుణ్య నియామకం ఒక్కటే దారిగా మిగిలింది. ఆ దారికి తాళంచెవి ఒక వైద్య ధ్రువపత్రం.

ఇప్పుడు ఈ మాట ఇంత బరువెక్కడానికి కారణం ఇదే. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు సుమారు 40 వేలు. కొత్త నౌకరీలు అరుదు. కాబట్టి తండ్రి ‘అన్‌ఫిట్’ కావాలని ఇల్లంతా ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. వైద్యుడి ముందు కూర్చున్న మనిషికి ఆరోగ్యంగా ఉన్నావనే మాట నష్టంగా వినిపిస్తుంది. ఇలాంటి చోట నిజమైన రోగిని కూడా అనుమానంగా చూసే ప్రమాదం ఉంది. ఆశను సొమ్ము చేసుకునే దళారులకూ సందు దొరుకుతుంది. మరో వైపు, నియామకం పొందే కొడుకు తొలి వైద్య పరీక్షలో ‘ఫిట్’ కావాలి. తండ్రి లోపలి నుంచి పైకి రావడానికి ఒక పత్రం, కొడుకు లోపలికి దిగడానికి ఇంకో పత్రం.

తెలుగులో ఏమనాలి?

తెలుగులో దీనికి దగ్గరి మాటలు చాలా ఉన్నాయి. నియమాల ప్రకారం అర్హత లేకపోతే అనర్హుడు. నేర్పు చాలకపోతే అసమర్థుడు. ఒంట్లో శక్తి లేకపోతే అశక్తుడు. ఇవి ఒకదాని బదులు ఒకటి వాడే మాటలు కావు. ముప్ఫై ఏళ్లు బొగ్గు తవ్విన మనిషిని అసమర్థుడనడం అబద్ధం. ఆయన నేర్పు ఎక్కడికీ పోలేదు, పోయింది ఊపిరి.

మన భాష ఒక హెచ్చరిక కూడా చేస్తోంది. యోగ్యత అంటే తగిన లక్షణం. అది లేనివాడు అయోగ్యుడు. ఆ మాట ఇప్పుడు తిట్టు. పనికిమాలినవాడు అన్నదీ పని గురించి మొదలై గుణం మీద పడిన మాటే. ‘దేనికి’ అన్నది రాలిపోయిన ప్రతిసారీ నింద మనిషి నెత్తిన పడింది. ‘ఆయన అన్‌ఫిట్’ అని వదిలేస్తే ఆ దారిలోనే నడుస్తాం. ‘భూగర్భ పనికి అన్‌ఫిట్’ అంటే నిజం చెప్పినట్టు.

చట్టమూ ఇలాగే ఆలోచిస్తోంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తొలగించకూడదనీ, హోదా తగ్గించకూడదనీ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. ఉన్న పనికి తగకపోతే అదే వేతన స్కేలులో మరో పని చూపాలి. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీకి చెందిన ఒక డ్రైవర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ ఈ కోవలోనిదే. రంగులు గుర్తించలేక డ్రైవింగ్‌కు అన్‌ఫిట్ అయిన ఆయనకు తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. స్టీరింగ్ పట్టలేకపోవడం వేరు, ఏ పనీ చేయలేకపోవడం వేరు.

బోర్డు నుంచి కాగితం అందుకున్న కుటుంబం మూడు విషయాలు చూసుకోవాలి. ఏ పనికి అన్‌ఫిట్ అన్నారు? ఏ జబ్బు వల్ల అన్నారు? ఇంకా ఏ పనికి ఫిట్ అన్నారు? జీతం, వారసుడి హక్కు, అప్పీలు, చికిత్స అన్నీ ఈ జవాబుల మీదే నిలుస్తాయి. కాగితంలో అవి స్పష్టంగా లేకపోతే రాతపూర్వకంగా అడగాలి. బోర్డు కూడా ఆ మూడింటినీ కార్మికుడికి అర్థమయ్యే తెలుగులో రాసి ఇవ్వాలి. ఒక మనిషి పని జీవితాన్ని తేల్చే మాటను సగంలో వదిలేయడం న్యాయం కాదు.