సంచిలో చోటు దొరకని రోజు

హిమాలయాల్లో గుడారం వేయాలని బయల్దేరే మైదానవాసులు అన్నీ కొంటున్నారు, వ్యవధి తప్ప

లెక్క చాలా సులువు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. ఈ రెంటికీ మధ్య ఒక విమానం, డెహ్రాడూన్ నుంచి సాంక్రీ గ్రామం దాకా రోజంతా సాగే కొండదారి, ఆపైన రెండు మూడు రోజుల నడక. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో కంప్యూటర్ ఆపేసిన కుర్రాడు మంగళవారం తెల్లవారేసరికి శిఖరం మీద ఫొటో దిగాలనుకుంటాడు. తిరుగు టికెట్ ఎప్పుడో కొనేశాడు. దాంతోపాటు బూట్లు, జాకెట్, హెడ్‌ల్యాంప్, చేతికర్రలు కూడా. అతని సంచిలో లేనిదల్లా ఒక అదనపు రోజు.

ఆ రోజు శరీరానికి కావాలి. 3,000 మీటర్లు దాటాక ప్రతి రాత్రీ పడుకునే చోటు అంతకు ముందు రాత్రికంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగాలనీ పర్వత వైద్య నిపుణులు చెబుతారు. తలనొప్పి, వాంతులు, అన్నం సహించకపోవడం మొదటి హెచ్చరికలు. కూర్చున్నా ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. నడక తూలితే ముప్పు మెదడుకు. అప్పుడు చేయాల్సింది వెంటనే కిందికి దిగడం. చాలామంది జేబులో డయామాక్స్ మాత్రలు పెట్టుకెళుతున్నారు. డాక్టరు సలహాతో వేసుకుంటే అవి ఉపయోగపడతాయి. కానీ తిరుగు విమానం తప్పిపోతుందని తలనొప్పిని దాచిపెట్టేవారికి ఏ మాత్రా పనిచేయదు.

వాతావరణానికీ ఒక రోజు వదలాలి. 2024 జూన్‌ తొలి వారంలో ఉత్తరకాశీ జిల్లా సహస్రతాల్ మార్గంలో 22 మంది బృందం మంచు తుపానులో చిక్కుకుంది. వారిలో ఎక్కువమంది కర్ణాటకవారు. తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవారిని బయటికి తెచ్చేందుకు వైమానిక దళం హెలికాప్టర్లు రంగంలోకి దిగాయి. మైదానాల్లో రోహిణి కార్తె ఎండలు మండిపోతున్న రోజులవి. అలాంటి ఎండలో బట్టలు సర్దుకునేవారికి గడ్డకట్టే గాలి ఊహకు కూడా అందదు. వెయ్యి మీటర్లు పైకి వెళితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. గాలి వీస్తే, ఒళ్లు తడిస్తే చలి ఇంకా ఎక్కువ.

అందుకే సర్దుకోవడం బట్టలతో మొదలవ్వాలి. జీన్స్ ఇంట్లోనే ఉండనివ్వండి. నూలు బట్ట చెమటను పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, ఓ పట్టాన ఆరదు. ఒక మందపాటి కోటు కంటే పల్చటి పొరలు మూడు మేలు: ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా సింథటిక్ బనీను, దానిపై ఫ్లీస్, అన్నిటికీ పైన గాలినీ వాననూ ఆపే జాకెట్. ఎక్కేటప్పుడు ఒకటి తీయొచ్చు, ఆగినప్పుడు వేసుకోవచ్చు. రాత్రి పడుకోవడానికి ఒక పొడి జత, రెండు జతల ఉన్ని మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఉంచాలి. ఎంత తడిసినా పగలు వాటిని ముట్టుకోకూడదు. ఫోన్, బ్యాటరీలు చలికి చార్జి కోల్పోతాయి కనుక రాత్రి వాటికి కూడా స్లీపింగ్ బ్యాగ్‌లోనే పక్క.

తిండి దగ్గర తెలుగువారికి సలహాలు అక్కర్లేదు. పల్లీ చిక్కీ, వేయించిన అటుకులు, బెల్లం ఏ విదేశీ ఎనర్జీ బార్‌కూ తీసిపోవు. అయితే 4,000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఉడకాలంటే యుగం పడుతుంది. శిబిరాల్లో వంటవాళ్లు ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లేది అందుకే. స్టవ్‌కు కావలసిన గ్యాస్ డబ్బాను విమానంలో చేతిసంచిలో గానీ లగేజీలో గానీ అనుమతించరు. అక్కడికి వెళ్లాకే కొనుక్కోవాలి. చలికి ఓర్వలేక ఆ స్టవ్‌ను గుడారం లోపల వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బరువు సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవడం మంచిది. కొత్త బూట్లు వేసుకుని, నింపిన సంచి వీపున తగిలించుకుని నెల రోజులు మెట్లెక్కితే ఏది అనవసరమో భుజాలే చెబుతాయి. అలిపిరి దారిలో మూడున్నర వేల పైచిలుకు మెట్లున్నాయి. కాకపోతే అక్కడ భక్తుల సామాను దేవస్థానమే ఉచితంగా కొండపైకి చేరవేస్తుంది. సాంక్రీలో కంచరగాడిదకు డబ్బు కట్టాలి. 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ సన్నాహం భువనగిరి గుట్ట రాళ్ల మీద మొదలై డార్జిలింగ్, లడఖ్‌ల మీదుగా నెలల తరబడి సాగింది. వారాంతపు యాత్రికులకు అంత అక్కర్లేదు కానీ, ఎంతో కొంత కావాలి.

ఇక ఎక్కడ దిగాలన్నది మన ఇష్టం కాదు. బుగ్యాల్‌లనే ఎత్తయిన పచ్చిక బయళ్లలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో నిషేధించింది. రూప్‌కుండ్ దారిలోని బేదినీ, ఆలీ బయళ్లలో గుడారాలు, ప్లాస్టిక్ చెత్త పేరుకున్నాకే వ్యవహారం కోర్టుకెక్కింది. బయల్దేరే ముందు అటవీ శాఖ అనుమతి ఎవరి పేరున ఉందో, అది ఏయే చోట్లకు వర్తిస్తుందో నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి. తుపాను వస్తే వెనక్కి తిప్పే నిర్ణయం ఎవరిదో కూడా అప్పుడే అడగాలి. సూటిగా జవాబు చెప్పని సంస్థకు డబ్బు కట్టకపోవడమే మంచిది.

చివరి వస్తువు సంచిలో పెట్టేది కాదు. పైన ఫోన్ సిగ్నల్ ఉండదు. ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం మన దేశంలో నేరం. అందుకే దారి, మజిలీలు, గైడ్ నంబరు, కిందికి దిగాల్సిన తేదీ రాసిన కాగితం ఒకటి అమ్మానాన్నల చేతికివ్వాలి. ఆ తేదీ పక్కనే రెండో తేదీ కూడా ఉండాలి. అప్పటిదాకా కంగారు పడొద్దని, అది దాటితే మాత్రం ఆగకుండా 112కి ఫోన్ చేయమని.