సీట్లు నిండితేనే కదిలే బండి

కిర్గిజ్‌స్తాన్ అనగానే చాలా తెలుగు ఇళ్లలో గుర్తుకొచ్చేది డాక్టరు చదువు. బిష్కెక్‌లో, ఓష్‌లో వైద్యం చదివే మన పిల్లలు తక్కువేమీ లేరు. వాళ్లను చూడటానికి వెళ్లిన అమ్మానాన్నలైనా, సెలవులు దొరికిన విద్యార్థులైనా ఆ దేశం లోపలికి తొంగిచూడాలంటే టూర్ ప్యాకేజీ కొనక్కర్లేదు. అక్కడి జనం ఎక్కే బండే చాలు. దాని పేరు మర్ష్రుత్కా.

సోవియట్ కాలం నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. పదిహేను, ఇరవై మంది పట్టే వ్యాను. రూటు ఖాయం, టైము మాత్రం చాలా రూట్లలో ఖాయం కాదు. మన షేర్ ఆటోలాగే సీట్లు నిండితేనే బయల్దేరుతుంది. కారణం లేకపోలేదు. దేశం వైశాల్యం దాదాపు 2 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనాభా సుమారు 70 లక్షలు, ఒక్క హైదరాబాద్ మహానగరం కంటే తక్కువ. పైగా నేలలో అత్యధిక భాగం కొండలే. ఖాళీ సీట్లతో అంత దూరం కొండలెక్కితే డ్రైవరుకు డీజిలు ఖర్చు కూడా రాదు.

కాబట్టి ప్రయాణికుడికి మొదటి సూత్రం పొద్దున్నే స్టాండుకు చేరడం. ఉదయం జనం ఉంటారు, బండి త్వరగా నిండుతుంది. మధ్యాహ్నం దాటాక పల్లె రూట్లలో ఎంతసేపు కూర్చోవాలో డ్రైవరు కూడా చెప్పలేడు.

కొత్తవాళ్లకు బిష్కెక్ - కరకోల్ రూటు అనువైనది. పడమటి బస్టాండు నుంచి దాదాపు 400 కిలోమీటర్లు, ఆరేడు గంటలు. ఛార్జీ కొన్ని వందల సోమ్‌లు. ఇటీవలి ఏళ్లలో సోమ్ విలువ మన రూపాయికి దగ్గరగానే ఉంటోంది. బూమ్ లోయ దాటి బలిక్చీ చేరగానే ఇస్సిక్-కుల్ సరస్సు మొదలవుతుంది. సముద్ర మట్టానికి 1,607 మీటర్ల ఎత్తు, 180 కిలోమీటర్లకు పైగా పొడవు, 668 మీటర్ల లోతు. చుట్టూ మంచుకొండలున్నా చలికాలంలో ఇది గడ్డకట్టదు. బండి ఉత్తర తీరం మీదుగా వెళ్తుంటే కుడివైపు కిటికీ సీటు పట్టుకోవాలి. సరస్సు అటే.

కరకోల్‌లో చైనా మూలాలున్న దుంగన్ ముస్లింలు 1910లో పూర్తిచేసిన చెక్క మసీదు చైనా ఆలయంలా కనిపిస్తుంది. ఆదివారం పశువుల సంత జరుగుతుంది. పుల్లపుల్లగా, కారంగా ఉండే చల్లని నూడుల్స్ వంటకం అష్లాన్-ఫు ఈ ఊరి ప్రత్యేకత.

అసలు మెలకువ చివరి మజిలీలో కావాలి. ఫెర్గానా లోయ అంచునున్న అర్స్లాన్‌బాబ్ ఇందుకు మంచి ఉదాహరణ. ప్రపంచంలోని అతిపెద్ద సహజ వాల్‌నట్ అడవుల్లో ఒకటి అక్కడుంది. ఓష్ నుంచి వెళ్లేవాళ్లు జలాలాబాద్‌లో బండి మారాలి, బజార్-కోర్గోన్‌లో మళ్లీ మారాలి. ప్రతి చోటా దిగీదిగగానే తర్వాతి బండి గురించి, తిరుగు బండి గురించి అడిగి పెట్టుకోవాలి. సాయంత్రమైతే పల్లెల నుంచి బండ్లు ఆగిపోతాయి. బోర్డులన్నీ సిరిలిక్ లిపిలో ఉంటాయి. కిర్గిజ్ అక్షరాలు 36; వెళ్లేముందు ఓ వారం కూర్చుంటే ఊళ్ల పేర్లు చదవడం వచ్చేస్తుంది. ఆ మాత్రం వస్తే ప్రయాణం సగం తేలికవుతుంది.

బిష్కెక్ నుంచి ఓష్‌కు రోడ్డు మార్గంలో ఎక్కువగా నడిచేవి షేర్ టాక్సీలు. 600 కిలోమీటర్లకు పైబడిన దారి, 3,000 మీటర్లు దాటిన రెండు కనుమలు. చలికాలంలో మంచు, హిమపాతాల వల్ల రోడ్డు మూసేయడం మామూలే. అలాంటి రోజుల్లో విమానమే మేలు. ఎండాకాలమైనా రాత్రి ప్రయాణం వద్దు.

మర్ష్రుత్కా వెళ్లని చోట్లూ ఉన్నాయి. 3,016 మీటర్ల ఎత్తున ఉన్న సోన్-కుల్ సరస్సుకు బస్సు లేదు. కోచ్‌కోర్ దాకా మర్ష్రుత్కాలో వెళ్లి, అక్కడి సీబీటీ ఆఫీసులో కారో, గుర్రమో మాట్లాడుకోవాలి. 2000 ప్రాంతంలో మొదలైన ఈ గ్రామీణ పర్యాటక సంఘం పశువుల కాపరుల గుడారాల్లో బస, భోజనం ఏర్పాటు చేస్తుంది. చెల్లించిన డబ్బులో ఎక్కువ భాగం ఆ కుటుంబాలకే చేరుతుంది. కాపరులు జూన్‌లో మందలతో పైకెక్కి సెప్టెంబరులో దిగిపోతారు. అందుకని జులై, ఆగస్టు నెలలకు ప్రయాణం పెట్టుకోవడం మంచిది. ఆ రోజుల్లోనూ రాత్రిళ్లు స్వెట్టర్లు తప్పవు.