బొగ్గు పోతే కూలి ఎవరికి?

బొగ్గు, చమురు, గ్యాసు వాడకం నుంచి దేశాలన్నీ బయటపడాలని 2023 దుబాయ్ వాతావరణ సదస్సు పిలుపునిచ్చింది. ఈ మార్పులో శ్రామికులకు న్యాయం జరగాలన్న మాట 2015 పారిస్ ఒప్పందం పీఠికలోనే ఉంది. మంచిదే. అయితే శ్రామికులంటే ఎవరని మేం అడుగుతున్నాం.

గని మూతపడితే పర్మినెంటు కార్మికుడి తరఫున మాట్లాడేందుకు యూనియనుంది. కాంట్రాక్టు కూలీకి ఆ బలం తక్కువ.

బొగ్గు స్థానంలో వచ్చే సౌరవిద్యుత్తుకు భూమి కావాలి. కర్నూలు జిల్లాలో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఒక్కటే సుమారు 6 వేల ఎకరాలు మింగింది. రాయలసీమ మెట్టనేలల్లో పేదలకిచ్చిన డీకేటీ పట్టాలున్నాయి. "సర్కారు భూమేగా" అని వీటికి తక్కువ ముట్టజెప్పడం కుదరదనీ, సొంత పట్టాభూమితో సమానంగా పరిహారమివ్వాలనీ 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది.

మరి పట్టాయే లేని కూలీ సంగతి? సేకరించే భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కూలీ కుటుంబాన్ని కూడా 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబంగా గుర్తించింది. కానీ కంపెనీ భూమిని సేకరించకుండా రైతు నుంచి నేరుగా కౌలుకు తీసుకుంటే కూలీ ఈ లెక్కలోకే రాడు. కౌలు డబ్బు ఆసామికి పోతుంది. కలుపు తీసే ఆడవాళ్లకు పని పోతుంది. పలకలు కడిగే పని, కాపలా పని కొద్దిమందికే దొరుకుతాయి.

బొగ్గు వద్దనడంలో మాకు రెండో మాట లేదు. వడగాడ్పులకు ముందు కూలేది ఎండలో పనిచేసే మావాళ్లే. న్యాయాన్ని మాత్రం కాగితం చూసి కాదు, చేసిన కష్టం చూసి లెక్కగట్టాలి. మీ ఊరికి సోలార్ కంపెనీ వస్తే, భూముల జాబితా కంటే ముందు కూలీల జాబితా గ్రామసభలో రాయించండి.