చేయి అందని చోట వైద్యం నడిపించడం

తాడిమర్రి మండలంలో ఒక చెనిక్కాయ చేను. పొద్దుగూకే వేళ కలుపు తీస్తున్న ఒకామెను పాము కరిచిందనుకుందాం. మొదట కబురందేది ఊళ్లోని ఆశా కార్యకర్తకు. ఆమె 108కి ఫోన్ చేస్తుంది. బండి వచ్చేలోపు విలేజ్ క్లినిక్‌లోని మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ) చూస్తుంది. అంబులెన్సులో అత్యవసర చికిత్స చేసే ఈఎంటీ ఉంటాడు, నడిపేందుకు పైలట్ ఉంటాడు. పీహెచ్‌సీ గడప దాటాక స్టాఫ్ నర్సు ఎదురొస్తుంది. డాక్టరు ఆమె నాడి పట్టుకునే సరికి ఇంతమంది చేతులు దాటి వచ్చి ఉంటుంది. వాళ్లు చేసిన పనిని బట్టే, చేయకుండా వదిలేసిన పనిని బట్టే ఆమె బతుకుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది.

కరిచిన చోట కోయకూడదని, గట్టిగా కట్టకూడదని, కాలు కదపనీయకూడదని ఆశా కార్యకర్తకు ఎవరు నేర్పారు? దారిలో కనురెప్పలు వాలిపోతుంటే ఏం చేయాలో ఈఎంటీకి ఎవరు చెబుతారు? యాంటీ వీనమ్ నిల్వ ఎంతుందో ఎవరు చూసుకుంటారు? వీటన్నిటికీ జవాబుదారీ డాక్టరే. మన ఎంబీబీఎస్ చదువు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. రోగిని పరీక్షించడం, మందు రాయడం అందులో బాగానే నేర్పుతారు. పదిమంది చేత సరైన వైద్యం చేయించడం ఎలాగో నేర్పేది తక్కువ. ధర్మవరం, హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల పల్లెలకు ఎక్కువ అవసరమైనది ఆ రెండో విద్య. దాన్ని వైద్య నిర్దేశం అందాం.

ముందుగా రాసేది, అప్పటికప్పుడు చెప్పేది

వైద్య నిర్దేశంలో రెండు భాగాలున్నాయి. రోగి రాకముందే చేసే పని మొదటిది. ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో రాసిపెట్టడం, సిబ్బంది చేత సాధన చేయించడం, మందులు, ఆక్సిజన్ లెక్క చూసుకోవడం, జరిగిన కేసులను తర్వాత కూర్చుని సమీక్షించడం ఇందులోకి వస్తాయి. రోగి పక్కన ఉన్న మనిషికి ఫోన్‌లోనో వీడియోలోనో అప్పటికప్పుడు దారి చూపడం రెండోది. మొదటి భాగం గట్టిగా ఉంటేనే రెండోది పని చేస్తుంది.

ఆస్ట్రేలియా అనుభవం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 1928లో జాన్ ఫ్లిన్ విమాన వైద్య సేవ మొదలుపెట్టాడు. అదే నేటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్. మరుసటి ఏడాది ఆల్ఫ్రెడ్ ట్రేగర్ తయారుచేసిన, తొక్కుతూ నడిపే రేడియో వందల కిలోమీటర్ల దూరంలోని పశువుల క్షేత్రాలను డాక్టరుతో కలిపింది. అయినా ఒక చిక్కు మిగిలింది. ఇంట్లో ఉన్నవాళ్లకు మందుల పేర్లు పలకడమే రాదు, సీసా వెతకడమే కష్టం. 1942లో దీనికి పరిష్కారం దొరికింది. అందరి ఇళ్లలో ఒకే రకం మందుల పెట్టె పెట్టి, ప్రతి మందుకూ ఒక అంకె వేశారు. ఫలానా నంబరు మందు ఇంత ఇవ్వమని డాక్టరు రేడియోలో చెబితే చాలు. తర్వాత ఒంటి భాగాలకు కూడా అంకెలు వేసిన బొమ్మ వచ్చింది. నొప్పి ఎక్కడో చెప్పలేని రోగి ఆ బొమ్మ మీది నంబరు చెప్పేవాడు. రేడియోలో వినిపించిన మాట పనిచేసిందంటే కారణం ముందే సర్ది ఉంచిన ఆ పెట్టే.

మన దగ్గర ఈ రెండో భాగం 108తో పెద్ద ఎత్తున మొదలైంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈఎంఆర్ఐ సంస్థ ఆ సేవను ప్రారంభించింది. అంబులెన్సును పంపించే కేంద్రంలోనే డాక్టర్లను కూర్చోబెట్టారు. వాళ్లను ఈఆర్‌సీపీ అంటారు. దారిలో ఈఎంటీకి సందేహం వస్తే ఆ డాక్టరుతో మాట్లాడి సూచన తీసుకుంటాడు. రోగిని కళ్లతో చూడకుండా, ఇంకొకరి మాటలను బట్టి నిర్ణయం చెప్పే వైద్యుడు అప్పటికి మనకు కొత్త. 2019లో ఈ-సంజీవని వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో రోగి పక్కన కూర్చున్న సిబ్బంది అవతలి ఊళ్లోని డాక్టరుతో వీడియోలో మాట్లాడే ఈ ఏర్పాటును దేశంలో ముందుగా అమలు చేసింది ఆంధ్రప్రదేశే. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

ఫోన్‌లో వినడం ఒక విద్య

ఫోన్‌కు అవతల ఉన్న ఈఎంటీ కంగారులో ఉంటాడు. ‘సీరియస్‌గా ఉంది సార్’ అంటే డాక్టరుకు తెలిసేదేమీ లేదు. అందుకే మాట ఒక వరసలో రావాలని నేర్పుతారు: రోగి ఎవరు, ఏం జరిగింది, ఎంతసేపైంది, శ్వాస, నాడి, బీపీ, స్పృహ ఎలా ఉన్నాయి, ఇప్పటిదాకా ఏం చేశారు, ఇప్పుడు మీకు ఏ సాయం కావాలి. డాక్టరు సూచన చెప్పాక అవతలివాళ్లు మందు పేరు, మోతాదు తిరిగి అప్పజెప్పాలి. విన్నదీ చెప్పిందీ ఒకటేనని తేలాకే ఇంజెక్షన్ ఎక్కాలి.

డాక్టరు నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. అవతల ఉన్న మనిషి చేతిలో ఏ సామాను ఉంది, ఆ మనిషికి ఏ పని చేతనవును అన్నది తెలియకుండా చెప్పే సూచన ప్రమాదకరం. గొంతులో గొట్టం వేయడం రానివాడికి అది వేయమని చెప్పడం కంటే, సంచితో శ్వాస ఇస్తూ తలను సరైన కోణంలో పట్టుకోమని చెప్పడమే ప్రాణం కాపాడుతుంది. పొరపాటు జరిగితే కసురుకునే డాక్టరుకు రెండోసారి ఎవరూ ఫోన్ చేయరు. కాబట్టి మర్యాదగా మాట్లాడటం ఇక్కడ చికిత్సలో భాగమే.

గాజు గొట్టం చెప్పే నిజం

సామాను తక్కువ ఉన్న చోట తీర్పు చెప్పే పద్ధతులు వేరు. పాముకాటే చూడండి. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో ఏటా సగటున సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. రక్తపింజరి విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. అది తేల్చే ల్యాబ్ యంత్రాలు పీహెచ్‌సీలో ఉండవు. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిపోతే విషం పని చేస్తోందని, యాంటీ వీనమ్ వెంటనే కావాలని అర్థం. గాజు తాకితే రక్తంలో గడ్డకట్టే ప్రక్రియ చురుగ్గా మొదలవుతుంది కాబట్టి ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు. సబ్బు మరక మిగిలినా ఫలితం తప్పుతుంది. ఈ చిన్న సంగతి నర్సుకు తెలిసి ఉండాలంటే డాక్టరు చెప్పి ఉండాలి.

కట్లపాము విషయం వేరు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది. నొప్పి, గాటు పెద్దగా కనిపించవు. రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, రెప్పలు మాత్రం వాలిపోతుంటాయి, తర్వాత శ్వాస కండరాలు పడిపోతాయి. ఇక్కడ డాక్టరు తేల్చాల్సింది ఎక్కడ ఏం చేయాలన్నది. విష లక్షణాలుంటే మొదటి మోతాదు యాంటీ వీనమ్ పీహెచ్‌సీలోనే ఎక్కించాలి. అది పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కనే ఉండాలి. వెంటిలేటర్ అవసరం పడేలా ఉంటే పెద్దాసుపత్రికి ముందే ఫోన్ చేసి, దారంతా శ్వాస ఇవ్వగల మనిషిని తోడిచ్చి పంపాలి. చీటీ రాసి చేతిలో పెట్టి పంపడాన్ని రిఫర్ చేయడం అనుకోకూడదు.

బత్తలపల్లి నేర్పే పాఠం

ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) ఆసుపత్రి ఉంది. 1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ నిలబెట్టిన సంస్థ అది. డీఎన్‌బీ పీజీ శిక్షణకు గుర్తింపు పొందిన ఈ ఆసుపత్రి కోవిడ్ కాలంలో జిల్లాకు పెద్ద ఆసరా అయింది. నా దృష్టిలో దీని అసలు పాఠం హెచ్ఐవీ వైద్యంలో ఉంది. రోగులకు సంప్రదింపులు, మందులు, పడక అన్నీ ఉచితంగా ఇస్తూనే, ప్రతి రోగి వివరాలనూ ఏళ్ల తరబడి ఒక క్రమంలో నమోదు చేశారు. డాక్టర్ గెరార్డో అల్వారెజ్ ఉరియా, ఆయన సహచరులు ఆ వివరాలతో అంతర్జాతీయ పత్రికల్లో పరిశోధనలు ప్రచురించారు. జనం ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు, మందులు మొదలుపెట్టినవాళ్లలో ఎవరు మధ్యలో మానేస్తున్నారు అన్నవి వాళ్లు వేసుకున్న ప్రశ్నలు.

ఎదురుగా కూర్చున్న రోగిని అందరు డాక్టర్లూ చూస్తారు. రావాల్సి ఉండి రాని రోగిని పట్టించుకునేవాడే వైద్యాన్ని నడిపిస్తున్నట్టు. ధర్మవరంలో మగ్గం గుంటలో పొద్దంతా కూర్చునే నేతకార్మికుడు బీపీ మాత్ర మానేశాడన్న సంగతి రిజిస్టరు తిరగేస్తేనే తెలుస్తుంది.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఇదే బాటలో ఇంకా ముందుకెళ్లారు. ఊరి ఆడవాళ్లకు పసికందుల జబ్బులు గుర్తుపట్టడం, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పి, వాళ్ల పనిని దగ్గరుండి పర్యవేక్షించారు. పోల్చి చూసిన ఊళ్లతో లెక్కిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఈనాడు ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూసి రావడానికి పునాది అక్కడే పడింది.

ఎనభై ఏళ్లుగా తెలిసిన అవసరం

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. 1946లోనే భోర్ కమిటీ సమాజాన్ని ఎరిగిన వైద్యుణ్ని తయారుచేయమంది. 1977లో వైద్య విద్యకు కొత్త దిశ చూపే రోమ్ పథకం కింద వైద్య కళాశాలలను పల్లెల బాట పట్టించాలని చూశారు. మత్తు డాక్టరు, గైనకాలజిస్టు దొరకని చోట కాన్పులు ఆగిపోకూడదని ఎంబీబీఎస్ డాక్టర్లకు మత్తు ఇవ్వడంలో 18 వారాలు, అత్యవసర కాన్పుల్లో 16 వారాలు శిక్షణ ఇచ్చే కోర్సులు వచ్చాయి. 2021లో చేరిన పీజీ బ్యాచ్ నుంచి ప్రతి విద్యార్థీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన వచ్చింది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం పీహెచ్‌సీలోని ఇద్దరు డాక్టర్లలో ఒకరిని 104 బండితో ఊళ్లకు పంపింది.

డాక్టరును పల్లెకు పంపడం దాకా వీటన్నిటిలో ఉంది. పల్లెలో జట్టును నడపడం నేర్పి పంపడమే ఇంకా జరగాలి. మూడు నెలలూ ఓపీలో చీటీలు రాసి వెనక్కి వెళ్లే పీజీ విద్యార్థికి అక్కడి నుంచి దక్కేది కొంచెమే.

ఆ మూడు నెలలను ఇలా వాడుకోవచ్చు. హిందూపురం జిల్లా ఆసుపత్రికి వచ్చిన విద్యార్థి ఒక వారం 108 కేంద్రంలో ఈఆర్‌సీపీ పక్కన కూర్చుని వినాలి. ఒక వారం అంబులెన్సులో తిరగాలి. ఒక పీహెచ్‌సీలో పాముకాటు, పురుగుమందు విషం, బిడ్డ పుట్టగానే ఏడవకపోవడం వంటి సందర్భాలకు సిబ్బందితో సాధన చేయించాలి. ఆ పీహెచ్‌సీ నుంచి రిఫర్ అయిన రోగులందరూ చివరికి ఏమయ్యారో వెతికి తెలుసుకుని, ఆ నర్సులు, ఏఎన్ఎంల ముందే చెప్పాలి. మార్కులు వేసేవాళ్లలో వాళ్లూ ఉండాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. పెనుకొండలో తలపెట్టిన వైద్య కళాశాల తెరుచుకున్నప్పుడు దీన్ని మొదటి ఏడాది నుంచే పాఠ్యంలో పెట్టాలి. ఈ గడ్డ మీద చదివే పిల్లలు డాక్టర్లుగా పట్టా పుచ్చుకునే ముందు, ముదిగుబ్బలోని ఒక ఏఎన్ఎం రాత్రిపూట జంకకుండా ఫోన్ చేయగలిగే మనుషులు కావాలి. ఆ నమ్మకాన్ని సంపాదించడం కూడా పాఠమే, దాన్ని నేర్పవచ్చు, పరీక్షించనూ వచ్చు.