నడుము నొప్పికి లోపలి దట్టీ

మనం నడుము నొప్పి అనేదాన్నే హూడిలోని కన్నడిగులు సొంట నోవు అంటారు. పేరేదైనా బాధ ఒక్కటే. హూడి చుట్టుపక్కల కంపెనీల్లో పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చునేవారికీ, ఆ పక్కనే లేస్తున్న భవనాలకు ఇటుకలు మోసే మనవారికీ ఇది తెలిసిన బాధే. కాకపోతే ఒకరికి సెలవు దొరుకుతుంది, మరొకరికి ఆనాటి కూలి పోతుంది. అందుకే ఈ రోజు పైసా ఖర్చు లేని ఉపాయం చెప్పుకుందాం.

నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటారు. చాలామందిలో దీనికి ప్రమాదకరమైన జబ్బేదీ కారణం కాదు. అయినా కదిలితే ఏమవుతుందోనని మంచం పట్టేస్తాం. పడుకున్నకొద్దీ కండరాలు నీరసిస్తాయి, నొప్పి వదలదు.

బరువులెత్తేవాళ్లు నడుముకు తువ్వాలు బిగించుకోవడం మీరు చూసే ఉంటారు. అలాంటి దట్టీ మన ఒంట్లోనే ఉంది. పొట్ట లోపలి పొరలో అడ్డంగా చుట్టుకున్న కండరం, వెన్నుపూసలను పట్టి ఉంచే చిన్న కండరాలు కలిసి నడుమును నిలబెడతాయి. 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ ఒక సంగతి గమనించారు. చెయ్యి కదిలించేలోపే ఆ పొట్ట కండరం బిగుసుకుంటుంది. నడుము నొప్పి ఉన్నవారిలో మాత్రం ఆలస్యంగా బిగుసుకుంటుంది.

దీన్ని బలపరచడానికి కెనడా ఆచార్యుడు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారం చేసిన వ్యాయామాలు మూడు. చాప చాలు.

ఒకటి: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి. రెండు అరచేతులూ నడుము కింద పెట్టి, తలా భుజాలూ కాస్త మాత్రమే పైకెత్తండి.

రెండు: పక్కకు తిరిగి మోకాళ్లు మడిచి, మోచేతి మీద ఆని తుంటిని పైకి లేపండి. రెండో పక్కకూ అలాగే చేయండి.

మూడు: చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కు చాపండి. తరువాత మార్చండి. నడుము ఊగకూడదు.

ప్రతి భంగిమలో పది సెకన్లకు మించకుండా ఉండండి. ఊపిరి బిగబట్టవద్దు. మూడు నాలుగు సార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. నిద్ర లేచిన వెంటనే కాకుండా ఓ గంట ఆగి చేయండి. వీటికి నడక తోడైతే మరీ మంచిది. ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకండి.

ఇవే సర్వరోగ నివారిణి అని నేననను. ఇతర వ్యాయామాలూ మేలు చేస్తాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామాన్ని సిఫార్సు చేసింది. నడుము బెల్టులను మామూలు చికిత్సగా వాడవద్దని చెప్పింది. బయటి బెల్టు కన్నా లోపలి దట్టీ మేలన్నమాట.

ఒక్క హెచ్చరిక. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మలమూత్రాలు అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితో పాటు జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నొప్పి కింద పడ్డాక మొదలైనా వ్యాయామానికి ముందు డాక్టరుకు చూపించండి. గర్భిణులూ, ఆపరేషను అయినవారూ ముందుగా డాక్టరును అడగాలి. మిగతావారు రేపే చాప పరవండి.